డాక్టరుకీ రోగికీ మధ్యన మేస్త్రీ

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా భీమవరంలో జరిగిన సభలో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు కూర్చున్నారు. ఆ పక్కన చెరువుల రైతులు. వెనకాల రొయ్యల ప్లాంటుల నుంచి వచ్చిన సూపర్‌వైజర్లు. గుమ్మం దగ్గర నిలబడ్డ, కూలీల్ని తెచ్చి పనిలో పెట్టే మేస్త్రీగార్లూ, లోపలికి వచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. ఇవాళ మీ గురించే ఎక్కువ మాట్లాడతాను. తిడతానని కాదు. సరే, కొంచెం తిడతాను కూడా.

నాకు ఇచ్చిన విషయం ఆ బ్యానరు మీద రాసి ఉంది చూడండి. "భాషాపరమైన అల్పసంఖ్యాకులకు మానసిక వైద్య సేవలు". ఇంత పొడుగు పేరు చూసి ఇదేదో ఢిల్లీ సంగతి, మనకెందుకులే అనుకోకండి. మన సంగతే. పొద్దున్నే ఆరింటికి ఆకివీడు రోడ్డు మీద నిలబడండి. ప్లాంటుకి పోయే బళ్ళలోంచి ఏ భాషలు వినపడతాయి? ఒడియా, బెంగాలీ, అస్సామీ, బీహారు వాళ్ళ హిందీ. నాట్ల రోజుల్లో చేలల్లోకి చూడండి. బెంగాలు నుంచి వచ్చిన ముఠాలు తాడు పట్టుకుని వరసగా నాటేస్తుంటారు. మన ముఠాలు దొరక్క వాళ్ళని పిలిపించుకున్నది మనమే. నగల బజారుకి వెళ్ళండి, లోపల కూర్చుని పని చేసే కుర్రాళ్ళలో బెంగాలీ వాళ్ళు ఎంతమందో. ఇక పైన మన్యం నుంచి రాజమండ్రికీ కాకినాడకీ దిగొచ్చే కోయవాళ్ళున్నారు. వాళ్ళు ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు కూడా కాదు, మనకన్నా ముందు నుంచీ ఈ గోదారి ఒడ్డున ఉన్నవాళ్ళు. చెవుడు ఉన్నవాళ్ళకి సైగల భాష ఉంది, అది కూడా ఒక భాషే. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళున్నారు, వాళ్ళలో చాలామందికి తెలుగు మనంత బాగా వచ్చు కాబట్టి ఇవాళ్టికి ఆ సంగతి పక్కన పెడతాను.

ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను, లెక్కలంటే మీకు నిద్రొస్తుందని నాకు తెలుసు. 2015-16లో బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పన్నెండు రాష్ట్రాల్లో చేశారు, అందులో మన రాష్ట్రం లేదనుకోండి. జబ్బును బట్టి నూరు మంది రోగుల్లో 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందకుండానే ఉండిపోతున్నారని తేలింది. ఇది ఎవరి సంగతి? సొంత ఊళ్ళో, సొంత భాషలో, పక్కన అమ్మా నాన్నా ఉన్నవాళ్ళ సంగతి కూడా కలుపుకుని. మరి ఊరు కాని ఊళ్ళో, భాష రాని చోట, గట్టు మీద ఒంటరిగా ఉన్నవాడి సంగతేంటండి?

గట్టు మీద అన్నాను కదా, అక్కడికే వెళ్దాం. రైతులకి తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. వెనామీ రొయ్య పంట 100 నుంచి 120 రోజులు. ఆ రోజులన్నీ చెరువు దగ్గర ఒక మనిషి ఉండాలి. గట్టు మీద రేకుల షెడ్డు, ఒక మంచం, గ్యాసు పొయ్యి, స్విచ్చు బోర్డు. పగలు మేత వెయ్యాలి, రొయ్యలు ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్ళలో ఉంచిన చెక్ ట్రే ఎత్తి చూడాలి. అసలు పని రాత్రి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, అందుకని రాత్రంతా ఏరేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే మోటారు చక్రాలు, తిరగాలి. కరెంటు పోయిందా, జనరేటరు వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్య పైకి తేలుతుంది, లక్షలు పోతాయి. అందుకని వాడు నిద్రపోడు. పోయినా ముక్కలు ముక్కలుగా పోతాడు, చెవి మాత్రం మోటారు మీదే ఉంటుంది. అలా నెలల తరబడి. పలకరించే మనిషి లేడు. రైతు పొద్దున బండి మీద వచ్చి నీళ్ళు చూసి, మేత చూసి వెళ్ళిపోతాడు. వాడిని చూస్తాడా? మానసిక జబ్బు వచ్చే గుణం ఎక్కడో లోపల ఉన్న మనిషికి నిద్ర చెడిపోవడం ఒక్కటి చాలండి, అది బయటపడడానికి. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, మా పుస్తకాల్లో మొదటి పాఠం.

అలాంటి షెడ్డు నుంచే ఒక కుర్రాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చారు. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. ఒడిశా కుర్రాడు. వెంట మేస్త్రీ వచ్చాడు. కూర్చున్నారు. నేను అడిగాను: "బాబూ, ఎన్ని రోజుల నుంచి ఇలా ఉంది, ఎలా మొదలైంది, రాత్రిపూట ఎలా ఉంటుంది?" మేస్త్రీ వాడి వైపు తిరిగి మూడు ముక్కల్లో ఏదో అడిగాడు. కుర్రాడు మొదలెట్టాడండి, ఆగడే! చేతులు తిప్పుతున్నాడు, పైకి చూపిస్తున్నాడు, చెవి పట్టుకుంటున్నాడు, ఒకచోట కళ్ళమ్మట నీళ్ళు. అంతా అయ్యాక మేస్త్రీ నా వైపు తిరిగి, "ఏం లేదండి, నిద్ర పట్టట్లేదంట" అన్నాడు.

నవ్వుతున్నారు. నవ్వొచ్చేలాగే ఉంది. కానీ ఆ మాట నమ్మి నిద్రమాత్ర రాసిచ్చి పంపేసే డాక్టర్లు ఎంతమంది ఉంటారు? బయట యాభై మంది ఓపీలో కూర్చుని ఉంటారు మరి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మేస్త్రీగార్ని టీ తాగి రమ్మని బయటికి పంపించి, మా దగ్గర పని చేసే నర్సమ్మని పిలిచాను. ఆ అమ్మాయిది ఇచ్ఛాపురం వైపు, ఒడియా మన తెలుగులాగే మాట్లాడుతుంది. ఆ అమ్మాయి పక్కన కూర్చుని అడిగితే అప్పుడు బయటపడింది. ఏరేటరు తిరుగుతుంటే ఆ మోతలోంచి వాడికి మాటలు వినపడుతున్నాయి. వాళ్ళ అన్న గొంతు అట, ఇంటికి రారా అని పిలుస్తుంటుందట. ఏరేటరు ఆపితే గొంతు ఆగిపోతుంది. ఇలాంటిది ఉందండి, నిజమైన శబ్దం వినపడుతున్నంతసేపే దాని వెంట లేని గొంతు వినపడడం, మాకు తెలిసిన లక్షణమే. మరి వాడేం చేశాడు? భరించలేక రెండు రాత్రులు ఏరేటర్లు కట్టేశాడు. రైతు చూసి పని ఎగ్గొట్టడానికి చేశాడనుకున్నాడు, చెయ్యి చేసుకున్నాడు, జీతంలో కోత పెట్టాడు. ఆ కోత సంగతీ, దెబ్బల సంగతీ కూడా కుర్రాడు నాకు చెప్పాడు. మేస్త్రీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఆలోచించండి. దుర్మార్గుడా? కాదండి. కుర్రాణ్ణి తన బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చింది ఆయనే కదా. కానీ ఆయన రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఈ కుర్రాడి ఇంటికి కొంత పంపించాడు. కుర్రాడికి పెద్ద జబ్బని తేలితే ఇంటికి పంపాలి, అడ్వాన్సు గోవిందా. రైతు కొట్టాడని చెబితే వచ్చే పంటకి ఆ రైతు ఈయనకి పని ఇవ్వడు. ఇన్ని ముళ్ళు నెత్తిన పెట్టుకున్న మనిషిని తెచ్చి మనం డాక్టరుకీ రోగికీ మధ్యన కూర్చోబెట్టి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పవయ్యా అంటున్నాం. ఆయన నోటి వెంట నిజం ఎలా వస్తుందండి? మేస్త్రీగార్లూ, మీ మీద నా ఫిర్యాదు ఇంతే. ఇది మీరు చెయ్యాల్సిన పని కాదు. మీ చేత చేయించుకుంటున్నది మేము.

ఇందాకటిది దాచడం. ఇంకోటుంది, ఇది ఇంకా చిత్రమైనది. సర్దడం. కొన్ని జబ్బుల్లో మనిషి మాట తీరు చెదిరిపోతుంది. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన ఉండదు. రైలు గురించి మొదలెట్టి, రాజుగారి మీదకి పోయి, అన్నంలో ముగిస్తాడు. నాకు కావలసింది ఆ చెదిరిపోయిన మాటే. జబ్బు పేరు నాకు చెప్పేది అదే. కానీ మధ్యలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? పాపం, తనవాడి పరువు పోతుందనో, తనకే అర్థం కాకో, దాన్ని చక్కగా సర్ది, కర్తా కర్మా క్రియా పెట్టి, "ఊరికి వెళ్ళాలని ఉందంటున్నాడండి" అంటాడు. ఎంత బాగుంది! జబ్బు మాయమైపోయింది. మంచి మనసుతో చేసిన పనే, రోగికి మాత్రం ఏడాది ఆలస్యం.

ఆడవాళ్ళ సంగతికొస్తే మధ్యలో మొగుడుంటాడు. ఆవిడకి ఒళ్ళంతా నొప్పులు, తలపోటు, నీరసం అంటాడు. వీపు మీద వాతలెలా వచ్చాయని మొగుడి ద్వారా మొగుణ్ణే అడగమంటారా? ఇంకా ఘోరం, పిల్లలు. ఇక్కడ సర్కారు బడిలో చదువుకునే బెంగాలీ పిల్లలు రెండేళ్ళలో మన యాసలో తెలుగు మాట్లాడేస్తారు, "ఆయ్, ఏంటండీ" అంటూ. ముచ్చటేస్తుంది. ఆ పిల్లనే పట్టుకుని ఆసుపత్రిలో తల్లి మాట తెలుగులో చెప్పమంటారు. ఆ తల్లికి బతకాలని లేదు. ఆ మాట పదేళ్ళ పిల్ల తన నోటితో నాకు చెప్పాలి. ఒకవేళ తల్లే తెలివైనదై పిల్ల ముందు ఆ మాట మింగేసిందనుకోండి, అప్పుడు నాకు ఏమీ తెలీదు. రెండింట్లో ఏది నయం?

కొన్నిసార్లు మధ్యలో ఎవరూ ఉండరు. అది రైలు స్టేషన్ల సంగతి. హౌరా నుంచి చెన్నై పోయే లైను మన మీదుగానే కదా. సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు, ఈ స్టేషన్లలో ఏదో ఒక చోట అప్పుడప్పుడు ఒక మనిషి దిగిపోతాడు. చెమటలు, వణుకు, గాలిలో ఏదో పట్టుకుంటుంటాడు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటుంటాడు, మనుషుల్ని చూసి పారిపోతాడు. పిచ్చోడన్నారు, కట్టేశారు. అయ్యా, వాళ్ళందరూ పిచ్చోళ్ళు కారు. రోజూ సారా తాగే అలవాటున్న మనిషి రెండు రోజులు రైల్లో మందు లేకుండా కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆపేస్తే రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి ఇలా అవుతుంది. సరైన మందు, బీ1 విటమిను ఇంజెక్షను ఇస్తే కొద్ది రోజుల్లో తేటబడతాడు. వదిలేస్తే ప్రాణం పోవచ్చు. తేడా ఎక్కడుంది? "ఆఖరుసారి ఎప్పుడు తాగావు?" అన్న ఒక్క ప్రశ్నలో. అది వాడికి అర్థమయ్యే భాషలో అడగాలి, జవాబు మనకి అర్థం కావాలి.

పోలీసువారు కూడా వచ్చారు, మీకు తెలిసే ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, నూరో సెక్షను. రోడ్డు మీద దిక్కు తెలియక తిరిగే ఇలాంటి మనిషిని మీరు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లోగా దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో పెట్టకూడదు. అదే చట్టంలో 22వ సెక్షను చదవండి. రోగికి జబ్బు గురించీ వైద్యం గురించీ చెప్పాల్సిన సమాచారం అతనికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో ఇవ్వాలని ఉంది. ఇవ్వగలిగితే ఇవ్వండి అని కాదు, అది రోగి హక్కు. చికిత్సకి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకుంటాం కదా, అదీ అంతే. అర్థమయ్యే భాషలో మంచీ చెడూ చెప్పాకే అది ఒప్పుకోలు కింద లెక్క. మనం ఏం చేస్తున్నాం? తెలుగులో అచ్చు వేసిన కాగితం మీద ఒడియా కుర్రాడి వేలిముద్ర వేయిస్తున్నాం. ఎవరైనా కోర్టుకి వెళితే ఆ కాగితం నిలుస్తుందా? లాయరుగారు తల అడ్డంగా ఊపుతున్నారు చూడండి.

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను టీ దగ్గర అడిగారు, పేరు చెప్పను. "డాక్టరుగారూ, మనూరు వచ్చినవాళ్ళు మన భాష నేర్చుకోవాలి గానీ, మనం వాళ్ళ కోసం దుబాసీల్ని పెట్టడమేంటండి?" న్యాయమైన ప్రశ్నే. నేర్చుకుంటారండి, నేర్చుకుంటున్నారు కూడా. నీళ్ళు, మేత, మోటారు, డబ్బులు, రేపు రా, ఇవన్నీ నెలలో వచ్చేస్తాయి. పనికి సరిపోతుంది. చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పడానికి అది సరిపోతుందా? కేరళవాళ్ళు చంగాతి అని పథకం పెట్టి వలస కూలీలకి మలయాళం నేర్పుతున్నారు, మనమూ తెలుగు నేర్పుదాం, నేను వద్దనను. జబ్బు మాత్రం మన పాఠాలు పూర్తయ్యే దాకా ఆగదు.

ఇంకో మాట. ఈ గోదావరి జిల్లాల్లో పరాయి భాష మధ్య బతకని కుటుంబం ఏదైనా ఉందా? మన తాతలు కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. అక్కడ తెలుగు కూలీలకి కోరంగీలనే పేరు. 1930లో అక్కడ గొడవలైతే మనవాళ్ళు ఎలా చచ్చారో పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఇవాళ మన ఆడపిల్లలు కువైట్లో, మస్కట్లో ఇళ్ళ పనికి వెళుతున్నారు. ఇక్కడ కూర్చున్న ఏఎన్ఎమ్‌ల ఊళ్ళ నుంచే వెళుతున్నారు. ఆ అమ్మాయికి అక్కడ మనసు చెదిరితే ఆసుపత్రిలో ఆవిడ తరఫున అరబ్బీలో మాట్లాడేది ఎవరు? ఆ ఇంటి యజమానురాలు. అంటే అక్కడ మేస్త్రీ ఆవిడన్నమాట. అంత దూరం ఎందుకు, యానాం చూడండి. అచ్చ తెలుగు ఊరు, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. పెద్ద వైద్యానికి అక్కడికి వెళ్ళే యానాం మనిషి తమిళం మధ్యలో ఎలా నెట్టుకొస్తాడో ఆ ఊరివాళ్ళనే అడగండి.

ఏం చెయ్యొచ్చు?

సరే, బాధ చెప్పుకున్నాం. పనికొద్దాం.

మొదటిది డబ్బు ఖర్చు లేనిది. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాస్తాం. ఇంకొక్క గడి పెట్టండి, "ఇంట్లో మాట్లాడే భాష". రాష్ట్రం చూసి భాష రాసెయ్యకండి. ఒడిశా నుంచి వచ్చినవాడల్లా ఒడియావాడు కాదు. కోరాపుట్ వైపువాడైతే ఇంట్లో దేశియా మాట్లాడొచ్చు, గజపతి జిల్లావాడైతే సవర కావచ్చు. బెంగాలు నుంచి వచ్చినవాడు సంతాలీ కావచ్చు, బీహారువాడు మైథిలీ కావచ్చు. "మీ అమ్మతో ఏ భాషలో మాట్లాడతావు?" అని హిందీలో అడగండి చాలు. ఈ గడి లేకపోవడం వల్ల ఏమవుతోందంటే, మన జిల్లాలో ఏ భాషవాళ్ళు ఎంతమంది వస్తున్నారో ఆసుపత్రికే తెలీదు. తెలియనిదాని కోసం కలెక్టరుగారిని ఏమని అడుగుతాం? చెక్ ట్రే ఎత్తకుండా మేత వేసినట్టే కదా.

రెండోది ఫోను. టెలీ మానస్ అని సర్కారు వాళ్ళ మానసిక ఆరోగ్య ఫోను సేవ, 14416. రాసుకోండి. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇరవై భాషలున్నాయి, ఫోను చెయ్యగానే భాష ఎంచుకోవచ్చు. ఒడియా ఉంది, బెంగాలీ ఉంది, అస్సామీ ఉంది, హిందీ ఉంది. చాలామంది ఇది ఇంట్లో కూర్చుని చేసుకునేది మాత్రమే అనుకుంటారు. పీహెచ్‌సీలో రోగి ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఈ నంబరు కలపొచ్చండి. ముందు అతన్నే మాట్లాడనివ్వండి, తలుపు వేసి. తర్వాత అతని అనుమతితో అవతల కౌన్సెలరు ఏమంటున్నారో వినండి. గట్టు మీద షెడ్డులో స్విచ్చు బోర్డు పక్కన ఈ నంబరు రాసి పెట్టమని రైతుల్ని అడుగుతున్నాను. లైన్‌మన్ నంబరు రాస్తారు కదా, దాని కింద.

ఆస్ట్రేలియాలో మీ పిల్లలుంటే అడగండి, అక్కడ 1973 నుంచీ ఫోనులో దుబాసీ సర్వీసు నడుస్తోంది. 131450 అని నంబరు. డాక్టరు ఫోను చేసి తెలుగు కావాలంటే తెలుగు మనిషిని కలుపుతారు. మనవడిని చూడ్డానికి మెల్‌బోర్న్ వెళ్ళిన మన భీమవరం మామ్మగారికి ఆ వసతి ఉంది. ఆవిడ చెరువు కాసే కుర్రాడికి ఇక్కడ లేదు.

మూడోది మనం ఇక్కడికిక్కడ చేసుకోవలసింది. దుబాసీలు కావాలి. ఎక్కడి నుంచి తెస్తాం? ఊళ్ళోనే ఉన్నారు. బెంగాలీ స్వర్ణకారులు ఏళ్ళ తరబడి ఇక్కడే కాపురాలుంటున్నారు, రెండు భాషలూ వచ్చు. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన నర్సులున్నారు, ఒడియా వచ్చు. రిటైరైన రైల్వేవాళ్ళు, మిలిటరీవాళ్ళు, హిందీ టీచర్లు ఉన్నారు. షరతు ఒకటే. రోగికి పని ఇచ్చేవాడూ, రోగికి అప్పు ఇచ్చినవాడూ, రోగి ఇంటివాడూ కాకూడదు. వాళ్ళకి ఒక పూట కూర్చోబెట్టి నేర్పాలి. ఏం నేర్పాలి? కూడికా వద్దు, తీసివేతా వద్దు. రోగి తిక్కగా మాట్లాడితే తిక్కగానే చెప్పు. "అతను ఇలా అంటున్నాడు" అనొద్దు, "నాకు ఇలా ఉంది" అని అతని నోటితోనే చెప్పు. నీకు తెలియని మాట వస్తే తెలీదను, ఊహించకు. ఇక్కడ విన్నది గుమ్మం దాటకూడదు, దానికి సంతకం పెట్టు. నాకూ ఒక నియమం ఉంది, నేను దుబాసీ మొహం చూసి మాట్లాడకూడదు, రోగి మొహం చూసి మాట్లాడాలి. చిన్న చిన్న వాక్యాల్లో. ఇది అలవాటు కావడానికి మా డాక్టర్లకే ఎక్కువ టైము పడుతుంది, నిజం చెప్పాలంటే.

ఊరికే చెయ్యమనకండి వాళ్ళని. స్వర్ణకారుడు రెండు గంటలు వచ్చి కూర్చుంటే రెండు గంటల కూలి పోతుంది. ఇవ్వాలి. రైతు సంఘాలవాళ్ళు, ప్లాంటులవాళ్ళు కలిసి ఈ డబ్బు పెట్టగలరా లేదా మీరే చెప్పండి. ఒక చెరువుకి ఒక వారం మేత ఖర్చెంతో నాకంటే మీకే బాగా తెలుసు.

మందుల సంగతి. ఇది ముఖ్యమండి, ఏఎన్ఎమ్‌లు వినండి. దిగులు జబ్బుకి ఇచ్చే మాత్రలు పని చెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కంగారు మాత్రమే కనపడతాయి. అంటే బాగు తరవాత, బాధ ముందు. తెలుగువాడికి ఈ సంగతి చెప్పి పంపిస్తాం. ఒడియావాడికి ఎవరు చెబుతారు? నాలుగో రోజు మాత్రలు కాలవలో పారేస్తాడు. చీటీ మీద ఒకటి-సున్నా-ఒకటి అని రాస్తే సరిపోదు. దుబాసీ చేత అర నిమిషం మాట అతని ఫోనులోనే రికార్డు చేయించండి: ఏ మాత్ర ఎప్పుడు, మొదట్లో ఏమవుతుంది, ఎందుకు ఆపకూడదు, ఏమైతే వెంటనే రావాలి. చదువు రాకపోయినా మళ్ళీ మళ్ళీ వింటాడు. చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోగానే ఊరికి వెళ్ళిపోతాడు కాబట్టి, వెళ్ళే ముందు ఇంగ్లీషులో ఒక కాగితం, ఒక నెల మందులు చేతిలో పెట్టండి. మందు కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయండి. అక్కడి జిల్లా ఆసుపత్రిలో ఆ కాగితం చూపిస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు.

రైతుల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. గట్టు మీద ఒక్కణ్ణి కాకుండా ఇద్దర్ని పెట్టండి, రాత్రి సగం సగం కాస్తారు. పక్కపక్క చెరువులవాళ్ళు కలిస్తే అదనపు జీతం పెద్ద బరువు కాదు. ప్లాంటులవాళ్ళకి, 21 వేల లోపు జీతమున్నవాళ్ళకి ఈఎస్ఐ కట్టాలి, కడుతున్నారనే అనుకుంటాను. ఆ కార్డు జ్వరానికే కాదు, మనసు జబ్బుకీ పనికొస్తుంది. ఆ సంగతి కార్మికుడికి అతని భాషలో చెప్పారా?

కోయవాళ్ళ దగ్గర నేను చెప్పిన ఉపాయాలు సగం పనిచెయ్యవు. ఫోనులో నొక్కడానికి కోయకి అంకె లేదు. చింతూరు, కూనవరం వైపు నుంచి రాజమండ్రి దాకా వచ్చిన మనిషికి అక్కడ తెలుగే దిక్కు, చాలామంది ముసలివాళ్ళకి అదీ అంతంత మాత్రం. అక్కడ దారి ఒక్కటే, కోయ పిల్లల్నే నర్సులుగా, కౌన్సెలర్లుగా తయారు చెయ్యడం, పెద్దాసుపత్రిలో వాళ్ళకి కుర్చీ వెయ్యడం. ఇప్పుడున్న కోయ ఆశా కార్యకర్త రోగి వెంట రాజమండ్రి వస్తే ఆవిడకి దారి ఖర్చు, ఆ రోజు భత్యం ఇచ్చే ఏర్పాటైనా చెయ్యాలి. ఇవాళ ఆవిడ సొంత డబ్బుతో వస్తోంది.

వెనక బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. మీకు ఏ భాష వచ్చో, వారంలో ఏ పూట తీరికో రాయండి. హిందీకీ బెంగాలీకీ ఇప్పటికే పేర్లు ఉన్నాయి, ఒడియాకి మా నర్సమ్మ ఉంది గానీ మగవాళ్ళు కూడా ఒకరిద్దరు కావాలి. సంతాలీకి, సవరకి ఒక్కరూ దొరకలేదు. మీ చెరువుల దగ్గర గానీ, మీ ప్లాంటులో గానీ ఆ భాష మాట్లాడుతూ కొంచెం తెలుగు పట్టుబడినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళని అడిగి, వాళ్ళకి ఇష్టమైతేనే పేరు రాయండి. ఇక ప్రశ్నలు అడగండి, మైకు అటు పంపిస్తున్నాను.